పుసికన్ను తొలిపూవు

పొద్దు గద్దలబండ మీదికి వాలేలోగా ఒక మంత్రసాని ఒక్క మాట చెప్పాలి. చెప్పకపోతే ఆమెను ఆ బండ మీదినుంచి లోయలోకి తోసేస్తారు. ఆ ఉదయం ద్వాదశపురంలో వేయించిన దండోరా ఇది. మంత్రసాని పేరు తిమ్మక్క. ఆమె కొడుకు ఓబులు ఆ దండోరా వింటూనే, ముసలి పూలవాడి వేషంలో, బంతిపూల గంప చంకన పెట్టుకొని కార్తీక ద్వారం ముందు వరసలో నిలబడి ఉన్నాడు. మేకవెంట్రుకలతో చేసిన మీసం ముక్కు కింద చక్కిలిగిలి పెడుతోంది. తుమ్మితే మీసం ఊడుతుంది. మీసం ఊడితే తల ఊడుతుంది. అందుకని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

మంచుకొండల ఒడిలో వెండిపళ్లెంలా పరుచుకున్న ఆ నగరానికి పన్నెండు ద్వారాలు, నెలకొకటి. చైత్ర ద్వారం నిండా పాలరాతిలో మల్లెలు తొలిచారు. కొత్తవాళ్లు ఆ రాతిపూల దగ్గర కూడా ముక్కులు ఎగబీలుస్తారు. ఆషాఢ ద్వారానికి మొగలిరేకులు బంగారు కత్తుల్లా నిక్కి ఉంటాయి. ఫాల్గుణ ద్వారం మోదుగుపూల ఎర్రదనంతో, ఎప్పుడు చూసినా అప్పుడే అంటుకున్న నిప్పులా వెలుగుతుంటుంది. ఆ రాజ్యంలో బిడ్డ పుట్టగానే, బొడ్డు కోయకముందే, మంత్రసాని ఆ నెలపూవును బిడ్డ నుదుటికి తాకించాలి. పన్నెండో రోజున ఎడమ మణికట్టు మీద అదే పూవు పచ్చబొట్టుగా పొడుస్తారు. ఇక ఆ మనిషి బతికినంతకాలం ఆ ద్వారంలోంచే నగరంలోకి రావాలి, ఆ పూవు మీదే ఒట్టు వెయ్యాలి, పెళ్లిలో ఆ పూవే తలలో పెట్టుకోవాలి.

పదకొండో ద్వారం మాఘమాసానిది. దానికి మాత్రం ఇరవై ఏళ్లుగా అడ్డంగా గోడ కట్టి ఉంది.

మాఘమాసపు పూవు తొలిపూవు. మంచు కరిగీ కరగకముందే నేల చీల్చుకొని వచ్చే మొట్టమొదటి పూవు అదే. ముడతలుపడ్డ ఆకులు మేకచెవులంత ఉంటాయి. వాటి మధ్య వెన్నరంగు రేకులు అయిదు, ఒక్కొక్కటీ కొసన చిన్న నొక్కుతో, తలకిందులు చేసిన రావాకులా ఉంటుంది. నడుమ గుడ్డుసొన లాంటి చుక్క. పూర్వం ఆ పూవుకు జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. కొండదేవత బొక్కసానికి అది తాళంచెవి అనేవారు. చలికాలం పోయే ముందు గుమ్మానికి ఒక గుత్తి కడితే దెయ్యం గడప దాటదని నమ్మేవారు. మగవాడు ఆడదానికి గానీ, ఆడది మగవాడికి గానీ ఆ పూవు పంపిస్తే అర్థం ఒక్కటే: నువ్వు లేక నేను లేను. యుద్ధానికి పోయిన రాజులు ఈటెకొనకు ఆ పూవు గుచ్చి రాణులకు పంపేవారని కొండపల్లెల్లో ఇప్పటికీ పాటలు కట్టి పాడతారు.

అలాంటి పూవు ఇరవై ఏళ్లనాడు రాజోద్యానంలో గింజ కట్టడం మానేసింది. అప్పటికి కొన్నేళ్ల ముందే ఆ నగరం చేరి రాజుకు కుడిభుజమైన కంకాళభట్టు అనే మాంత్రికుడు దాన్ని చూపించి, ఇది గొడ్డుపూవు, దీని నెల గొడ్డునెల, ఈ నెలలో పుట్టినవాళ్లు రాజ్యానికి అరిష్టం అని తీర్పు చెప్పించాడు. మాఘంలో పుట్టిన వాళ్లందరినీ కోటగోడ బయటికి తరిమారు. మణికట్టుకు మసిగుడ్డ కట్టుకొని బతకమన్నారు. వాళ్లు చేరిన చోటే మసిగుడ్డల వాడ అయింది. ఓబులుది ఆ వాడే.

ఇప్పుడు రాజు మంచం పట్టాడు. కూతురు హేమవల్లరి పద్దెనిమిదేళ్లది, సింహాసనం మీద కూర్చుంటోంది. ఆమె మణికట్టు మీద ఫాల్గుణపు మోదుగుపూవు ఉంది. కంకాళభట్టుకు మాత్రం ఒక అనుమానం: రాకుమారి నిజానికి మాఘం చివర పుట్టిందనీ, మంత్రసాని బిడ్డను నాలుగు రోజులు దాచి, నెల మారాక మోదుగుపూవు తాకించిందనీ. ఆ మాట తిమ్మక్క నోటివెంట వస్తే చాలు, రాకుమారి గోడ బయటికి పోతుంది, సింహాసనం మాంత్రికుడికి మిగులుతుంది. తిమ్మక్క ఏడు రోజులుగా చెరలో ఉంది. ఎంతమంది అడిగినా, ఎన్ని విధాల అడిగినా, ఆ పుట్టిననాటి సంగతి తనకు గుర్తులేదనే చెబుతోంది.

ఓబులు తల్లిని ఎత్తుకొని పారిపోవడానికి రాలేదు. అంతకంటే పెద్ద పని పెట్టుకొని వచ్చాడు. ద్వాదశపురంలో ఎంతటి రాజూ కొట్టెయ్యలేని పాత శాసనం ఒకటుంది. నెలకు సాక్షి దాని పూవే. కొలువులో అందరి కళ్లముందు ఎవరైనా తొలిపూవు చేత గింజ కట్టిస్తే మాఘమాసానికి చెర వదులుతుంది. చెర వదిలితే రాకుమారి ఏ నెలలో పుట్టిందన్న ప్రశ్నకు విలువే ఉండదు, తిమ్మక్కను తొయ్యడానికి కారణమూ ఉండదు.

వరస కదిలింది. ద్వారపాలకుడు గుర్రప్ప పందిలా గురక పెట్టే రకమే గానీ, కళ్లు మాత్రం డేగకళ్లు.

"ఏ ఊరు తాతా?"

"పూలు పూసిన చోటల్లా నాదే సామీ."

"చెయ్యి చాపు." గుర్రప్ప మణికట్టు పట్టుకొని ఎండకు తిప్పాడు. తొలిపూవు పచ్చబొట్టు చుట్టూ ఓబులు నేరేడురసంతో రేకుల మీద రేకులు గీసి దాన్ని కార్తీకమాసపు బంతి చేసుకున్నాడు. "ఇదేం బంతి, ఇంత ఒత్తుగా ఉంది?"

"ముద్దబంతి సామీ. మా అమ్మది పెద్దచెయ్యి. రేకులు దండిగా పొడిపించింది."

గుర్రప్ప నవ్వాడు. నవ్వుతూనే కళ్లు పైకెత్తాడు. "తలపాగాలోంచి నీళ్లు కారుతున్నాయేమి?"

"ముసలితనం గదా సామీ. ఎప్పుడు ఎక్కడ కారుతుందో నాకు మాత్రం ఏం తెలుసు?"

వెనక నిలబడ్డ ఆడవాళ్లు పగలబడి నవ్వారు. గుర్రప్ప తన భార్యకని ఒక దండ లాక్కొని, పో పొమ్మని భుజం మీద తట్టాడు. తలపాగాలో తడినాచు చుట్టి దాచుకున్న వస్తువు ఆ తట్టుకు ఒక పక్కకు ఒరిగింది. ఓబులు దాన్ని సర్దుకోకుండా, మెడ ఒక పక్కకు వంచి, పక్షవాతం వచ్చినవాడిలా నడుచుకుంటూ ద్వారం దాటాడు.

నాలుగు వీధులు గడిచాయో లేదో, ఎదురుగా మాంత్రికుడి బంట్లు ఇద్దరు, వాళ్ల చేతిగొలుసుకు ఒక పునుగుపిల్లి. మామూలు పునుగుపిల్లి కాదది. దూడంత ఉంటుంది, కళ్లు రాగినాణేల్లా మెరుస్తాయి, మాఘంలో పుట్టినవాడి ఒంటివాసన పసిగట్టడానికి కంకాళభట్టు మంత్రించి పెంచిన జంతువు. అది ముక్కు ఎత్తింది. వీపు మీది వెంట్రుకలు చీపురుపుల్లల్లా లేచాయి. గొలుసు తెంపుకొని వచ్చింది.

ఓబులు గంపెడు బంతిపూలూ దాని మొహాన గుమ్మరించి పరుగు తీశాడు. ముసలి పూలవాడు మోకాలెత్తు గోడలు దూకి పోతుంటే జనం నోళ్లు తెరిచి చూశారు. అద్దకంవాళ్ల వీధిలో ఆరేసిన చీరల కింది నుంచి దూరాడు, కుమ్మరివాళ్ల ఆవం మీదుగా గంతేశాడు, పెంకుటిళ్ల మీదికెక్కి పెంకులు జారుతుంటే వాటితోపాటే జారాడు. జారి పడింది తోళ్లు నానబెట్టే లందతొట్టిలో. మెడదాకా మునిగాడు. తలపాగాకు చుక్క అంటకుండా రెండు చేతులతో పైకి పట్టుకున్నాడు.

పునుగుపిల్లి తొట్టి అంచు మీద కాళ్లు పెట్టి ఒక్కసారి వాసన చూసింది. రెండోసారి చూడలేదు. పదహారుసార్లు తుమ్మి, ముక్కు నేలకు రాసుకుంటూ వచ్చినదారినే పారిపోయింది. అప్పటినుంచి ఓబులుకు అడ్డమే లేకుండా పోయింది. అతను ఏ వీధిలో అడుగుపెడితే ఆ వీధి రెండుగా చీలి దారి ఇచ్చింది. కొలువుకూటం కావలివాళ్లు ఈటెలు అడ్డం పెట్టబోయి, ముక్కులు మూసుకోవడానికి ఆ చేతులే కావలసివచ్చి, ఈటెలు దించేశారు.

కొలువుకూటం ముంగిట్లో పదమూడు నాగజెముడు మొక్కలు బారుగా ఉన్నాయి. ఇంతకుముందు ఈ పరీక్షకు వచ్చి ఓడిపోయి, కంకాళభట్టు మంత్రంతో మొక్కలైపోయినవాళ్లు వాళ్లు. ఒక మొక్కకు ఇంకా తలపాగా ఉంది. మరొకటి ఓబులు పంచె కొసను ముల్లుతో పట్టి ఆపింది. లోపలికి పోవద్దని దాని భావం. ఓబులు ముల్లు మెల్లిగా విడిపించి, వదిలి పొమ్మంటే ఎట్లా అన్నా, లోపల ఉన్నది మా అమ్మ అని చెప్పి లోపలికి నడిచాడు.

స్ఫటికపు కంబాల మీద నెమలికంఠపు రంగు చాందినీ. దాని కింద రత్నాల గద్దె మీద హేమవల్లరి, అప్పుడే విచ్చిన మోదుగుకొమ్మలా ఎర్రపట్టు కట్టుకొని, నిటారుగా కూర్చొని ఉంది. ఆమె పక్కన కంకాళభట్టు. గడ్డం మోకాళ్లదాకా ఉంది, ఆ గడ్డానికి పుర్రెఎముకల పూసలు గుచ్చి ఉన్నాయి, అతను తల ఊపితే అవి గలగల్లాడతాయి. వాళ్ల ముందు రాతినేల మీద, కుడికాలికి బారెడు గొలుసుతో, తిమ్మక్క తాంబూలం నములుతూ కూర్చొని ఉంది. ఏడురోజుల చెరలో ఆమెకు తాంబూలం ఎవరిచ్చారో ఆమెనే అడగాలి.

వేషం ఎంతదైనా కన్నతల్లి కంటికి ఆనదు. తిమ్మక్క కొడుకును ఒక్క చూపులో పోల్చింది. పోల్చి, మొహం పక్కకు తిప్పుకొని, ఎవరో ముసలాయన దారితప్పి వచ్చినట్టున్నాడనీ, కంపు కూడా కొడుతున్నాడనీ, బయటికి పంపెయ్యమనీ కావలివాళ్లకు చెప్పింది.

ఓబులు రాకుమారికి మొక్కి, తాను పూవు సాక్ష్యానికి వచ్చానని చెప్పాడు. కొలువంతా గుసగుసలు లేచాయి. కంకాళభట్టు పూసలు గలగల్లాడాయి. పద్నాలుగో మొక్కకు ముంగిట్లో చోటు చూడమని బంట్లకు చెప్పి, రాజోద్యానంలోని తొలిపూవు కుండీని, తన కాలకుండను తెప్పించాడు.

కాలకుండలోని నీటికి ఒక గుణం ఉంది. చుక్కకు ఒక్కరోజు గడుస్తుంది. నలభై చుక్కలు పోస్తే నలభై రోజులూ కళ్లముందే గడిచిపోతాయి. పూవు పండి గింజ కట్టడానికి నలభై రోజులు చాలు. ఇంతకుముందు పదమూడుసార్లూ ఆ నీళ్లు పోశారు. పదమూడుసార్లూ పూవు వాడి, రాలి, ఒట్టికాడ మిగిలింది. పద్నాలుగోసారి కూడా అంతేనని కుండీ మోసుకొచ్చిన తోటపెద్ద రాచప్ప మొహమే చెబుతోంది. ఆ పూలను పసిబిడ్డల్లా సాకినవాడు ఆయన. ఎందుకు గింజ కట్టవో తెలియక ఇరవై ఏళ్లుగా లోలోపల కుమిలిపోతున్నాడు.

ఓబులు కుండీ దగ్గర కూర్చున్నాడు. పూవు నడుమ కంట్లోకి చూశాడు. అక్కడ ఆవగింజంత ముత్యపుతల నిగనిగలాడుతోంది. రాజోద్యానంలో ఉన్నవన్నీ ఇట్లాంటివేనా అని తోటపెద్దను అడిగాడు. అన్నీ ముత్యపుకన్నువేనని రాచప్ప గర్వంగా చెప్పాడు. కొండనుంచి తెచ్చిన మొక్కల్లో కొన్నింటి కంట్లో ముత్యం ఉండదట, పుసిపట్టినట్టు పసుపుపొడి ఉంటుందట. రాజుగారి తోటలో పుసికన్ను పూవు అశుభమని భట్టుగారు సెలవిచ్చారట. ఆ సెలవు ప్రకారం అలాంటివి కనబడ్డవి కనబడ్డట్టు తానే తన చేత్తో పెరికి పారేశాడట.

"ఎన్నేళ్లనాడు?" అన్నాడు ఓబులు.

"ఇరవై..." అని రాచప్ప ఆగిపోయాడు.

ఓబులు తలపాగా విప్పాడు. తడినాచు మధ్యనుంచి ముడతల ఆకులు, వాటి మధ్య వెన్నరంగు పూవు ఒకటి బయటపడ్డాయి. మసిగుడ్డల వాడలో గడప పక్కన పెరిగిన మొక్క అది. దాని కంట్లో ముత్యం లేదు. చిటికెడు పసుపు అద్దినట్టు పొడి ఉంది. కంకాళభట్టు గద్దె మెట్లు రెండు దిగి, పుసికన్ను పూవును కొలువులోకి తేవడమే నేరమని, ఇద్దరి తలలూ, అంటే మనిషిదీ మొక్కదీ, తీసెయ్యమని గర్జించాడు.

హేమవల్లరి చెయ్యెత్తింది. "శాసనంలో పూవు గింజ కట్టాలని ఉంది. ఆ పూవు కన్ను ఎట్లా ఉండాలో రాసి లేదు. చెప్పు తాతా, ఏమిటి నీ లెక్క?"

"లెక్క కాదు తల్లీ, సంబంధం. మా కొండమీద గొర్రెలు కాసుకునే వాళ్లందరికీ తెలిసిందే. ముత్యపుకన్నుది ఒక ఇంటిపేరు, పసుపుకన్నుది ఒక ఇంటిపేరు. ఆ ఇంటి పొడి ఈ ఇంటికి రావాలి, ఈ ఇంటి పొడి ఆ ఇంటికి పోవాలి. కుండమార్పు సంబంధం. అప్పుడు రెండిళ్లలోనూ పిల్లలే. మీరేమో ఒకే ఇంటిపేరు వాళ్లనందరినీ తెచ్చి ఒక తోటలో పెట్టారు. వాళ్లలో వాళ్లకు పెళ్లెట్లా అవుతుంది? కాలేదని మా నెలనంతా గొడ్డునెల అన్నారు. ఈ పూవు పంపిస్తే నువ్వు లేక నేను లేనని అర్థమంటారే, అది కవులు కట్టింది కాదు తల్లీ. పూవు సొంత కథ అది."

తోటపెద్ద రాచప్ప తన రెండు చేతులూ ఎదురుగా పెట్టుకొని, ఎన్ని మొక్కలు పెరికిన చేతులో అన్నట్టు చూసుకుంటూ నేలమీద కూలబడిపోయాడు.

పొడి ఆ పూవునుంచి ఈ పూవుకు మార్చడానికి తేనెటీగ కావాలి. మాఘం చలిలో కొలువుకూటంలో తేనెటీగ ఎక్కడ దొరుకుతుంది? ఓబులు పటుక్కున మీసం పీకాడు. కొలువు గొల్లుమంది. ముసలి మీసం కింద నుంచి పాతికేళ్లవాడి మూతి బయటపడింది. ఆ మేకవెంట్రుకలను కుంచెలా పట్టి పసుపుకన్నులో ముంచాడు, ముత్యపుతలకు అద్దాడు. మళ్లీ ఇటునుంచి అటు అద్దాడు. ఆ మీసాన్ని చూసి తిమ్మక్కకు నోరాగలేదు. మంత్రసాని కొడుకు చేసే పనేనా ఇది, పెళ్లిళ్ల పేరయ్య పని గానీ, అన్నది.

ఇక చుక్కలు పొయ్యడమే మిగిలింది. ఆనవాయితీ ప్రకారం కాలకుండ పట్టుకునేది కంకాళభట్టే. ఒకటి, రెండు, మూడు. పూవు వాలింది. పది. రేకులు రాలాయి. ఇరవై. రేకులు రాలిన చోట ఆకుపచ్చని గుబ్బ ఒకటి ఉబ్బడం మొదలైంది. కూటంలో ఉన్నవాళ్లందరూ మునివేళ్ల మీద లేచారు. ముప్ఫై. గుబ్బ కందిగింజంత అయింది. ముప్ఫై ఎనిమిదో చుక్క దగ్గర మాంత్రికుడి కళ్లు ఎర్రబడ్డాయి. కుండ మొత్తం వంచేశాడు.

వెయ్యేళ్లు ఒక్కసారిగా మొక్క మీద పడబోయాయి. ఓబులు ఎడమచేతిని ఆ ధారకు అడ్డంపెట్టి కాయను దొరకబుచ్చుకొని తెంపాడు. మొక్క దుమ్మయింది. కుండీ మట్టయింది. కింది రాతిపలక నున్నగా అరిగి పల్లం పడింది. ఓబులు చెయ్యి మణికట్టు దాకా ఎండి, ముడతలు పడి, నరాలు తేలి, తొంభై ఏళ్ల ముసలివాడి చెయ్యి అయిపోయింది. నేరేడురసం కొట్టుకుపోయి, ఆ ముడతల మధ్య అయిదు రేకుల తొలిపూవు పచ్చబొట్టు బయటపడింది. వణుకుతున్న ఆ గుప్పిట మెల్లిగా విప్పితే అందులో ఎండిన కాయ, కాయలో గసగసాల్లాంటి నల్లటి గింజలు.

"మాఘంలో పుట్టాను," అన్నాడు ఓబులు, చెయ్యి పైకెత్తి. "మసిగుడ్డ కట్టుకోను. నా నెలకు సాక్ష్యం ఇదిగో."

హేమవల్లరి గద్దె దిగి, తన చేత్తోనే తిమ్మక్క కాలి గొలుసును నేలలోని కొక్కెం నుంచి విడిపించింది. మాఘమాసానికి ఈ క్షణం నుంచి చెర లేదనీ, పదకొండో ద్వారం గోడ పగలగొట్టమనీ ఆజ్ఞ వేసింది. తర్వాత ఆ ముసలామె దగ్గర వంగి, ఇక దాచాల్సిన పనిలేదు, నేను ఏ నెలలో పుట్టానో చెప్పమని మెల్లిగా అడిగింది.

తిమ్మక్క ఆ పిల్ల నుదుటి మీది జుట్టు పక్కకు సర్దింది. "నువ్వు పుట్టిననాడు చాలా చలిగా ఉండింది తల్లీ. నా కొంగులో చుట్టుకున్నా. అంతే గుర్తుంది."

రాకుమారి ఏదో అనబోయింది. అనేలోగా కూటమంతా చీకటి కమ్మింది. కంకాళభట్టు గడ్డంలోని పూసలు తెగి రాలాయి. రాలిన ప్రతి పూసా ఒక ఈక అయింది. ఆ ఈకలన్నీ కూడుకొని ఏనుగంత రాబందు లేచింది. అది ముక్కుతో నిప్పు కక్కి, నాచులో మిగిలిన పసుపుకన్ను మొక్కను భస్మం చేసింది. తోట వైపు మరో నిప్పు ఊది, ముత్యపుకన్ను మళ్లన్నింటినీ మాడ్చింది. ఇక మాఘమాసానికి మిగిలిన సాక్ష్యం ఓబులు గుప్పిట్లోని కాయ ఒక్కటే. రాబందు ఆ కాయ మీదికి రాలేదు. తిమ్మక్క నడుమును గోళ్లతో ఒడిసిపట్టి, చాందినీ చించుకొని ఆకాశంలోకి లేచింది.

ఆమె కాలి గొలుసు చిరిగిన చాందినీలోంచి వేలాడుతూ పోతోంది. ఓబులు స్ఫటికకంబం మీదికి రెండంగల్లో ఎగబాకి, దూకి, కుడిచేత్తో ఆ గొలుసు కొస అందుకున్నాడు. కొలువుకూటం గిన్నెంత అయింది. కోటగోడ దీపపు ఒత్తంత అయింది. గద్దలబండ కింద లోయ నోరు తెరుచుకొని కనిపించింది. గాలి చెంపలు వాయిస్తోంది.

రాబందు మెడ వంచి, మాంత్రికుడి గొంతుతో మాట్లాడింది. కాయ తన ముక్కులో వెయ్యమంది. వేస్తే తల్లీకొడుకులిద్దరినీ అవతలి గట్టున పచ్చికలో దించుతానంది. వెయ్యకపోతే ఇక్కడే వదిలేస్తానంది.

ఓబులు పైకి చూశాడు. "అమ్మా, ఏం చెయ్యమంటావు?"

"కింద ఏముందో చూడు ముందు."

కింద కోటగోడ బయట, మసిగుడ్డల వాడ. పిచ్చుకగూళ్లలాంటి గుడిసెలు. గడపల ముందు చిన్నచిన్న మనుషులు తలలెత్తి చూస్తున్నారు.

"ఎవరి గడపలో ఎవరు పుట్టారో అన్నీ నాకు తెలుసు," అన్నది తిమ్మక్క. "ఒక్క గడప కూడా వదలకుండా చల్లు. నా సంగతి నేను చూసుకుంటా. ఈ పక్షి నాకంటే పెద్దదా ఏంది?"

ఓబులు ముసలిచేతిని గాలిలోకి చాపి, బొటనవేలితో కాయను చితిపాడు. నల్లటి గింజలు గాలికి ఎగిరి, చెదిరి, పొగచూరిన కప్పుల మీద, గడపల మీద, దున్నని నేల మీద చినుకుల్లా పడ్డాయి. ఇక ఎన్ని నిప్పులు ఊదినా అన్నింటినీ మాడ్చడం ఎవరి తరమూ కాదు.

రాబందు అరిచిన అరుపుకు మంచుకొండ ఒకటి బీటలు వారింది. అది గోళ్లు విప్పేసింది.

తిమ్మక్క పడలేదు. పడేలోపే రెండు చేతులా రాబందు కాలిని చుట్టేసింది. ఆ కుదుపుకు ఆమె చీలమండ దగ్గర గొలుసు తుప్పు ముడి పుటుక్కుమంది. గొలుసుతో సహా ఓబులు ఆమె ఎత్తుకు ఎగిరిపడి, లోయలోకి జారాడు. జారుతున్న అతని ఎడమచేతిని పైనుంచి ఒక చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చోటే ఆగిపోయాడు.

"చెయ్యి ఇంత ముసలిదైపోయిందేమిరా?" అన్నది తిమ్మక్క, ఆయాసపడుతూ.

"జారిపోతుందమ్మా. వదిలెయ్. నువ్వన్నా..."

"నోరుముయ్యి. అయిదువందల తొమ్మిదిమందిని పట్టాయి ఈ చేతులు, నెత్తుటితో జారుతున్నవాళ్లని. ఒక్కరు కింద పడలేదు. నిన్ను కూడా ఒకసారి పట్టినవే ఇవి."

రాబందు వాళ్లిద్దరినీ విదిలించుకోలేక, మోయలేక, ఒక రెక్క కిందికి వాలి, ఉత్తరంగా, కంకాళభట్టు నగరం చేరకముందు కాపురమున్న, పొగలు కక్కుతున్న ఎముకలకోట వైపు ఎగరసాగింది. తిమ్మక్క దాని కాలిని ఇంకాస్త గట్టిగా పళ్లతో కూడా పట్టింది.